ఎంజైమ్ పూసిన కార్బన్ మీడియా మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీకి పనికొస్తుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర 240 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లోకి పసుపు రంగులో వస్తున్నాయి, కొన్ని రోజులు వాసన కూడా ఉంటోంది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి, కార్బన్ ఫిల్టర్‌లో ఉన్న బొగ్గు తీసేసి తమ ‘ఎంజైమ్ ఆధారిత అధిశోషక మీడియా’, అంటే ఎంజైమ్ ఎక్కించిన బొగ్గు గుళికలు, వేస్తే రంగు, వాసన, మందుల అవశేషాలు, డిటర్జెంట్లు అన్నీ పోతాయన్నారు. బోరు నీళ్లకు ఇదే పెడితే తాగొచ్చు అని కూడా అన్నారు. డెమోలో నీలం రంగు నీళ్లు గొట్టంలో పోస్తే కింద తేటగా వచ్చాయి. కమిటీలో సగం మంది చెక్కు రాయడానికి రెడీ. ఇది నిజమైన సైన్సేనా, డబ్బు పెట్టొచ్చా అని మీ ప్రశ్న.

సైన్స్ నిజమే. మీ ఎస్టీపీకి మాత్రం వద్దు. కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు కమిటీలో మాట్లాడాల్సింది మీరే. చదువుకునే రోజుల్లో నేను చేసింది ఎంజైమ్‌ను బొగ్గు మీద ఎక్కించే పనే. ఆ తర్వాత బెంగళూరులో ఎస్టీపీలు, ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఈటీపీలు చూసుకుంటూ ఉన్నాను. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది బేస్‌మెంట్‌లో ఎందుకు చతికిలబడుతుందో రెండు వైపుల నుంచీ తెలుసు.

మామూలు యాక్టివేటెడ్ కార్బన్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. నీళ్లలో ఉన్న కర్బన పదార్థాలను తన రంధ్రాల గోడలకు అంటించుకుంటుంది, అంతే. దీన్నే అధిశోషణం అంటారు. ఒక్క గ్రాము బొగ్గులో 500 నుంచి 1500 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది కాబట్టి చాలానే పడుతుంది. కానీ పట్టిన మలినం ఎక్కడికీ పోదు, అలాగే కూర్చుని ఉంటుంది. నిండాక బొగ్గు మార్చాలి, లేదా కొలిమిలో మళ్లీ కాల్చి ఖాళీ చేయాలి. ఎంజైమ్ తీరు వేరు. అది మలినాన్ని పట్టుకుని రసాయనికంగా మార్చి వదిలేస్తుంది, తాను ఖర్చవకుండా ఇంకోదాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిపితే బొగ్గు గోడౌన్ లాంటిది, ఎంజైమ్ అందులో సరుకు దించి ఖాళీ చేసే కూలీ లాంటిది. గోడౌన్ నిండే ప్రసక్తే ఉండదు. ఊహ మాత్రం చాలా అందంగా ఉంది, కాదనను.

కొత్తది కూడా కాదు. 1916లో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్‌ను బొగ్గుకు అంటించి, అంటుకున్నాక కూడా అది పనిచేస్తోందని చూపించారు. ఎంజైమ్‌ను ఒక ఘన పదార్థం మీద నిలబెట్టడం అనే విద్య మొదలైందే బొగ్గుతో. నీటి కాలుష్యానికి వాడేవాటిలో ఎక్కువగా వినబడేది లాకేజ్. 1883లో యోషిడా అనే జపాన్ శాస్త్రవేత్త లాకర్ చెట్టు పాలలో దీన్ని గమనించాడు. ఇప్పుడు ఎక్కువగా కుళ్లిన దుంగల మీద పెరిగే ట్రామెటెస్ వెర్సికలర్ లాంటి పుట్టగొడుగు జాతుల నుంచి తీస్తారు. దీని గుండెలో నాలుగు రాగి పరమాణువులు ఉంటాయి. ఫినాల్ జాతి పదార్థం నుంచి ఎలక్ట్రాన్ లాగి, నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్‌కు ఇస్తుంది. ఆక్సిజన్ నీరైపోతుంది. బయటి నుంచి ఏ కెమికల్ పోయక్కర్లేదు, అందుకే అందరికీ ఇదంటే మోజు. దీని దాయాది పెరాక్సిడేజ్ పనిచేయాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి, కాస్త ఎక్కువైతే ఆ పెరాక్సైడే దాన్ని చంపేస్తుంది. 1980లో క్లిబనోవ్ బృందం హార్స్‌రాడిష్ దుంప నుంచి తీసిన పెరాక్సిడేజ్‌తో ఫ్యాక్టరీ నీళ్లలోంచి ఫినాళ్లు, ఆరోమాటిక్ అమీన్లు తీసేయొచ్చని చూపించినప్పటి నుంచి ఈ దారిలో పరిశోధన ఆగలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎంజైమ్ తాకిన ఫినాల్ గాలిలో కలిసిపోదు. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలవుతాయి, నీళ్లలో కరగక అడుగుకు దిగుతాయి, లేదా అదే బొగ్గుకు అంటుకుంటాయి. కూలీ సరుకు దించాడు గానీ గోడౌన్ గుమ్మంలోనే పోశాడన్నమాట. ‘పూర్తిగా విచ్ఛిన్నం చేస్తుంది’ అని బ్రోషర్‌లో ఉంటే, సీఓడీ (మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) ఎంత తగ్గింది, మొత్తం కర్బనం ఎంత తగ్గింది అని అడగండి. రంగు పోవడం వేరు, పదార్థం పోవడం వేరు.

అసలు డెమో దగ్గరకు వద్దాం. ఆ నీలం రంగు చాలావరకు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. బొగ్గు నాణ్యత కొలవడానికి కార్బన్ తయారీదారులే వాడే రంగు అది. ధన ఆవేశం ఉన్న అణువు కాబట్టి కొబ్బరి చిప్ప బొగ్గుకే కాదు, రంపపు పొట్టుకూ, వాడేసిన టీ పొడికీ కూడా అంటుకుంటుంది. నిమిషంలో నీళ్లు తేటపడ్డాయంటే అది బొగ్గు చేసిన పనే. అందులో ఎంజైమ్ ఉన్నా లేకపోయినా మీ కంటికి ఒకేలా కనబడుతుంది.

ఎంజైమ్ పనిచేస్తోందా లేదా తేల్చడం కష్టమేమీ కాదు. నాలుగు సీసాలు తీసుకోండి. మొదటి దాంట్లో వాళ్ల మీడియా. రెండో దాంట్లో అదే మీడియా, కానీ అరగంట నీళ్లలో మరిగించి చల్లార్చింది. మరిగిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, బొగ్గు బొగ్గుగానే ఉంటుంది. మూడో దాంట్లో ఎంజైమ్ ఎక్కించక ముందరి బొగ్గు. నాలుగో దాంట్లో ఏమీ వేయవద్దు. నాలుగింటిలోనూ మీ ఎస్టీపీ నీళ్లే పోయండి, రంగు నీళ్లు కాదు. ఒకే సమయం కలిపి, వడకట్టి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఇవ్వండి. మొదటి సీసాకూ రెండో సీసాకూ తేడా ఉంటే అది ఎంజైమ్ గొప్పతనం. తేడా లేకపోతే మీరు కొంటున్నది ఎక్కువ రేటుకు బొగ్గు. ల్యాబ్ వాళ్లు కాస్త చొరవ ఉన్నవాళ్లయితే ఇంకో చక్కటి పరీక్ష ఉంది: లాకేజ్‌కి ఆక్సిజన్ కావాలి కాబట్టి నత్రజని వాయువు బుడగలు పంపి ఆక్సిజన్ తీసేసి మళ్లీ చూడటం. ఎంజైమ్ పని ఆగిపోతుంది, బొగ్గు పని ఆగదు.

వాళ్లు ఏబీటీఎస్ పరీక్ష చేసి చూపిస్తామనవచ్చు. రంగులేని ఏబీటీఎస్ ద్రావణంలో లాకేజ్ పడితే నీలి ఆకుపచ్చ రంగు తిరుగుతుంది, 420 నానోమీటర్ల దగ్గర దాన్ని కొలుస్తారు. మంచి పరీక్షే, మేమూ రోజూ చేసిందే. అయితే చేయమన్నప్పుడు మీడియా మీద కాకుండా, మీడియాను కడిగిన నీళ్ల మీద చేయమనండి. గుళికలను శుభ్రమైన నీళ్లలో ఓ గంట ఊపి, వడకట్టి, ఆ వడకట్టిన నీళ్లలో ఏబీటీఎస్ చుక్కలు వేయాలి. అక్కడే పచ్చగా మారిందంటే ఎంజైమ్ బొగ్గును వదిలి నీళ్లలోకి జారిపోతోందని అర్థం. ఊరికే అంటించిన ఎంజైమ్‌తో వచ్చే పెద్ద తలనొప్పి ఇదే. దీన్ని ఆపడానికి గ్లుటరాల్డిహైడ్ లాంటి దానితో కట్టిపడేస్తారు. అప్పుడు జారదు గానీ, కట్లు బిగిసిన కొద్దీ దాని చురుకుదనం తగ్గుతుంది. ఆల్జినేట్ గుళికల్లో బంధించడం, అయస్కాంత కణాలకు కట్టడం, జిఫ్-8 లాంటి లోహ కర్బన చట్రాల్లో పెట్టడం, ఇలా పద్ధతులు చాలానే ఉన్నాయి. అన్నిటిలోనూ ఈ బేరసారం తప్పదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఇది బ్రోషర్లలో కనబడదు, పేపర్లలో కూడా చాలాసార్లు పక్కకు తప్పుకుంటుంది.

మురుగు నీళ్లలో మందుల అవశేషాలు, ప్లాస్టిక్ రసాయనాలు లీటరుకు మైక్రోగ్రాముల్లో, అంతకన్నా తక్కువలో ఉంటాయి. ఉదాహరణకు బిస్‌ఫినాల్ ఏ లీటరుకు ఒక మైక్రోగ్రాము ఉందనుకుందాం. అణువుల లెక్కలో అది సుమారు 4.4 నానోమోలార్. ఎంజైమ్ సగం వేగంతో పనిచేయడానికి కావాల్సిన గాఢత, దాన్ని కేఎం అంటారు, 100 మైక్రోమోలార్, అంటే లక్ష నానోమోలార్ అనుకోండి. ఇలాంటి ఎంజైమ్, మలినం జోడీలకు ఇది ఎక్కువేం కాదు. రెండింటినీ భాగిస్తే ఎంజైమ్ తన పూర్తి వేగంలో దాదాపు 23,000వ వంతుతో నడుస్తోందని వస్తుంది. జీతం మొత్తం ఇస్తున్నారు, పని మాత్రం లేదు. అందుకే బొగ్గుతో జత కట్టడం అనే ఆలోచన వచ్చింది: పలుచగా ఉన్న మలినాన్ని బొగ్గు ఒకచోట పోగేస్తే, అక్కడ గాఢత పెరిగి ఎంజైమ్‌కు చేతినిండా పని దొరుకుతుందని.

కానీ బొగ్గు దాన్ని ఎక్కడ పోగేస్తుంది? ఎక్కువభాగం 2 నానోమీటర్ల కన్నా సన్నని సూక్ష్మరంధ్రాల్లో. లాకేజ్ అణువు అడ్డంగా 5 నానోమీటర్ల పైనే ఉంటుంది. సరుకు లోపలి గదిలో ఉంది, కూలీ ఆ తలుపులో పట్టడు. బయట అరుగు మీదే కూర్చుంటాడు. ఈ కారణంగా సీరియస్‌గా పనిచేసేవాళ్లు మామూలు కార్బన్ వాడరు, పెద్ద రంధ్రాలున్న మీసోపోరస్ కార్బన్, సిలికా, ప్రత్యేకంగా తయారుచేసిన బయోచార్ వాడతారు. రంధ్రాలు పెద్దవి చేసేసరికి మొత్తం ఉపరితలం తగ్గి, పట్టే మలినం తగ్గుతుంది. మీ కంపెనీ వాళ్లను రంధ్రాల పరిమాణం నివేదిక అడిగి చూడండి. ఇవ్వగలిగితే కనీసం ఇంటి పని చేసినవాళ్లని ఒప్పుకోవచ్చు. ఇవ్వలేకపోతే ఇక మాటలే అనవసరం.

సరే, రంధ్రాల సంగతీ చూసుకున్నారనుకుందాం. మీ ఎస్టీపీ నీళ్లు ఎంజైమ్‌కు పుట్టిల్లు కాదు. పుట్టగొడుగు లాకేజ్‌లకు చాలావాటికి ఇష్టమైన పీహెచ్ 4 నుంచి 6 మధ్య. మీ నీళ్లు 7 నుంచి 8. అక్కడికే సగం నీరసం. రాగి కేంద్రానికి ఫ్లోరైడ్, క్లోరైడ్ లాంటివి అంటుకుని పని ఆపుతాయి, మన బోరు నీళ్లు కలిసిన మురుగులో రెండూ ఉంటాయి. దీనికి తోడు ఎంజైమ్ అంటే ప్రొటీన్. మురుగు నీళ్లలోని బ్యాక్టీరియా వదిలే ప్రొటియేజ్‌లకు అది భోజనం. మీ 240 ఇళ్లలో రోజూ తిరిగే వాషింగ్ మెషీన్ల పౌడర్లలో చాలావాటిలో ప్రొటియేజ్ ఉంటుంది, చొక్కా మీద పప్పు మరక పోవడానికి వేసేది. ప్రొటీన్‌ను కోయడమే దాని వృత్తి! చివరగా, మీ ఆపరేటర్ క్రిములను చంపే హైపో (క్లోరిన్ ద్రావణం) ఎక్కడ పోస్తున్నాడో చూడండి. కార్బన్ ఫిల్టర్‌కు ముందు పోస్తుంటే ఆ క్లోరిన్ ఎంజైమ్‌ను నిలువునా కాల్చేస్తుంది. తర్వాత పోస్తుంటే మీడియా మీద బ్యాక్టీరియా పాకుడు పట్టి ఎంజైమ్‌ను కప్పేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

‘పది చక్రాల తర్వాత కూడా 70 శాతం చురుకుదనం నిలిచింది’ అని వాళ్ల పీపీటీలో ఉండే ఉంటుంది. ఒకసారి వాడి, కడిగి, మళ్లీ వాడటానికి సిద్ధం చేస్తే ఒక చక్రం. పరిశోధన పత్రాల్లో ఇలాంటి వాక్యం సర్వసాధారణం, అక్కడికి అది మంచి ఫలితమే. ఇంటికి తెచ్చుకుని లెక్కేద్దాం. అదే జోరులో తగ్గుతూ పోతే నూరు చక్రాల తర్వాత మిగిలేది పది 0.7లను ఒకదాంతో ఒకటి గుణిస్తే వచ్చేది, అంటే 3 శాతం లోపు. ఒక్కో చక్రం గంట అనుకుంటే నూరు గంటలు, నాలుగు రోజులు. అది కూడా పీహెచ్ మారకుండా చూసే శుభ్రమైన బఫర్ ద్రావణంలో.

మీ సైజుకు కూడా చూద్దాం. తలకు 135 లీటర్ల చొప్పున ఇంటికి నలుగురు, అందులో 80 శాతం మురుగుగా వస్తే రోజుకు సుమారు లక్ష లీటర్లు. రోజులో 20 గంటలు ఫిల్టర్ నడిస్తే గంటకు 5,000 లీటర్లు. మీడియాతో పది నిమిషాలైనా నీళ్లు కలిసి ఉండాలంటే 800 లీటర్ల పైన మీడియా కావాలి. బొగ్గుకు పది నిమిషాలు సరిపోతాయి. ల్యాబ్‌లో ఎంజైమ్‌కు ఇచ్చేది చాలాసార్లు గంటలు. ఆ 800 లీటర్ల మీడియాను ఏడాదికి ఎన్నిసార్లు మార్చాలో, ఒక్కోసారి ఎంతవుతుందో కాగితం మీద రాయించండి. వాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో మొదటిసారి నింపే ఖర్చు మాత్రమే ఉందని నా అనుమానం.

ఇంత చెప్పాక ఈ విద్య ఎందుకూ కొరగాదని మీరు అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. నిలబెట్టిన ఎంజైమ్‌లతో కోట్ల వ్యాపారం నడుస్తోంది. మొక్కజొన్న పిండి నుంచి ఫ్రక్టోజ్ సిరప్ చేసేది గ్లూకోజ్ ఐసోమరేజ్ నింపిన స్తంభాలే. పెన్సిలిన్ నుంచి కొత్త యాంటీబయాటిక్‌లకు ముడిసరుకు తీసేది పెన్సిలిన్ అసైలేజ్. షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ స్ట్రిప్ మీద ఉన్నదీ ఎంజైమే. ఈ మూడింటిలోనూ లోపలికి వచ్చేది తెలిసిన సరుకు, ఒకటే సరుకు, కావాల్సినంత గాఢతలో వస్తుంది. పైగా మొదటి రెండింటిలో బయటికొచ్చేది అమ్ముకునే వస్తువు, కాబట్టి ఎంజైమ్ ఖర్చు గిట్టుబాటవుతుంది. మురుగు నీళ్లలో ఇవేవీ లేవు. వందల రకాల పదార్థాలు, అన్నీ కాస్త కాస్త, బయటికొచ్చేది ఫ్లష్ నీళ్లు.

కాబట్టి ఈ మీడియాకు సరైన చోటు మలినం పుట్టే దగ్గర, ఇతర నీళ్లతో కలవకముందు. ఫినాల్ రెజిన్ తయారుచేసే చోట ఒక పైపులో వచ్చే నీళ్లు, రంగుల అద్దకం యూనిట్‌లో ఒక తొట్టి నుంచి వచ్చే నీళ్లు, మందుల ఫ్యాక్టరీలో ఒక రియాక్టర్ కడిగిన నీళ్లు. డెనిమ్ బట్టల్లో ఇండిగో రంగును వెలిసినట్టు లేతగా చేయడానికి లాకేజ్‌ను పరిశ్రమలో వాడుతూనే ఉన్నారు. కాలుష్యం కాదుగానీ, అదే ఎంజైమ్ అక్కడ ఎందుకు నిలబడిందో చూడండి: తొట్టిలో పీహెచ్, వేడి, సమయం అన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. పటాన్‌చెరు సంగతి తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ పక్కన దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చి చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో లార్సన్ బృందం ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన గాఢత అది. అణువుల్లో లెక్కేస్తే 90 మైక్రోమోలార్ పైన, అంటే ఎంజైమ్‌లకు సరిగ్గా పని దొరికే స్థాయి. (సిప్రో లాకేజ్‌కు అంత సులభంగా లొంగే సరుకు కాదు, మీడియేటర్ అనే తోడు రసాయనం కావాలి, అది వేరే సంగతి. గాఢత అర్థం కావడానికి చెబుతున్నాను.) అక్కడైతే ఫ్యాక్టరీ గోడ లోపలే ఆ మందుకు తగిన ఎంజైమ్ పెట్టడం అర్థమున్న పని. పెన్సిలిన్ జాతికైతే వాటి వలయాన్ని తెరిచేసే బీటా లాక్టమేజ్ ఉండనే ఉంది.

మందుల అవశేషాలన్నీ పోతాయన్న మాట కూడా నమ్మకండి. ఫినాల్ గుంపో, అమీన్ గుంపో ఉన్నవాటిని లాకేజ్ బాగానే పట్టుకుంటుంది: పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ట్రైక్లోసాన్, ఈస్ట్రోజెన్లు. మూర్ఛకు వాడే కార్బమాజెపిన్ దగ్గర దాని పప్పులు ఉడకవు. మీడియేటర్ కలిపితే కొంత నయం, కానీ ఆ మీడియేటర్లలో కొన్ని వాటికవే విషం. అసలు మీ కన్సెంట్ (అనుమతి) పత్రంలో కాలుష్య నియంత్రణ మండలి అడిగే లిస్టులో బీఓడీ (బ్యాక్టీరియా మలినాన్ని తినడానికి వాడే ఆక్సిజన్), సీఓడీ, అమ్మోనియా లాంటివి ఉంటాయి. వాటిని తగ్గించడం ఈ ఎంజైమ్ పని కాదు. డిటర్జెంట్ సంగతీ అంతే. బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరినప్పటి నుంచి ఊళ్లో అందరికీ డిటర్జెంట్ అంటే భయం, 2017 ఫిబ్రవరిలో ఆ చెరువు తగలబడ్డాక మరీను. కానీ పౌడర్లలో ఉండే లాస్ అనే నురగ పదార్థాన్ని విడగొట్టేది గాలి బాగా అందిన మామూలు బ్యాక్టీరియా. అది మీ ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగు తినిపించే తొట్టిలో) ఉచితంగా జరగాల్సిన పని.

ఇంకో మాట. ఇదే ఊళ్లో నారింజ తొక్కలు, బెల్లం, నీళ్లు మూడు నెలలు పులియబెట్టి బయో ఎంజైమ్ అని చేస్తారు కదా, మీ కమిటీలో ఎవరో ఒకరు దాన్ని ఎస్టీపీలో పోద్దామంటారు, రాసిపెట్టుకోండి. గచ్చు తుడుచుకోవడానికి అది బాగానే ఉంటుంది, ఎందుకంటే అది పుల్లటి ద్రావణం. ఎస్టీపీలోనో చెరువులోనో పోస్తే ఆ పులుపూ, తీపీ కలిసి బీఓడీని పెంచుతాయి తప్ప తగ్గించవు.

బోరు నీళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆ మాట అన్నందుకే వాళ్లను గేటు దాటించొచ్చు. బోరు నీళ్లలో మనకున్న సమస్యలు గట్టిదనం, టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు), నైట్రేట్, కొన్ని చోట్ల ఫ్లోరైడ్. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, ప్రత్యామ్నాయం లేకపోతే 1.5, నైట్రేట్ 45 దాటకూడదు. గట్టిదనం తెచ్చే కాల్షియం, ఫ్లోరైడ్ ఒక్కో మూలకపు అయాన్లు. వాటిని విడగొట్టడానికి అందులో ఏముంది? లాకేజ్ లాంటి ఎంజైమ్ ఫ్లోరైడ్‌ను తీసేయలేదు. కోలార్ వైపు బంధువులున్నవాళ్లకు, నల్గొండ వాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పేదేముంది. అక్కడ పనికొచ్చింది పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి, యాక్టివేటెడ్ అల్యూమినా, ఇప్పుడైతే ఆర్ఓ. బోరు నీళ్లు ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఏముందో చూసి, దానికి తగ్గది పెట్టుకోండి.

ఇక పసుపు రంగు, వాసన. ఇవి కార్బన్ ఫిల్టర్‌లో మొదలైన జబ్బులు కావు, అందుకే అక్కడ మందు వేస్తే తగ్గవు. నేనైతే వెనక నుంచి వస్తాను. ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉందా? పగలు కాదు, తెల్లవారుజామున కొలిపించండి. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రి బ్లోయర్ ఆపేసే ఆపరేటర్లు చాలామంది. అలా ఆపిన చోట పొద్దున ఏడింటికి కుళ్లిన గుడ్డు వాసన, ఎనిమిదింటికి కమిటీ గ్రూపులో గొడవ. ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోయాయేమో చూడాలి: నీళ్ల మీద సన్నని బుడగలు పరుచుకుని ఉండాలి, ఒక మూల మాత్రమే కుతకుత ఉడుకుతుంటే అక్కడ పొర చిరిగినట్టే. ట్యాంకు నీళ్లు లీటరు జాడీలో పట్టి అరగంట వదిలేయండి. బురద గోధుమ రంగులో గుంపుగా దిగి, పైన తేట నీళ్లు నిలవాలి. నల్లగా ఉంటే గాలి చాలలేదు, దూది పింజల్లా తేలుతుంటే వేరే రోగం. బురదను ఫిల్టర్ ప్రెస్‌కు ఎన్ని రోజులకోసారి తీస్తున్నారో లాగ్ పుస్తకంలో చూడండి. పాతబడిన బురద నుంచే చాలా రంగు దిగుతుంది. అమ్మోనియా తగ్గకపోతే ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) చూపించండి, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాముల పైన ఆల్కలినిటీ ఖర్చవుతుంది, మెత్తటి కావేరి నీళ్లు ఎక్కువగా వాడే చోట అది చాలకపోవచ్చు. హౌస్‌కీపింగ్ వాళ్లు ఫినాయిల్, యాసిడ్ డబ్బాలు ఒకేరోజు అన్ని బ్లాకుల్లో కుమ్మరిస్తున్నారేమో కనుక్కోండి. ఆ మర్నాడు ట్యాంకులో బ్యాక్టీరియా సగం చచ్చి ఉంటుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా లేత పసుపు మిగిలితే, అప్పుడు కార్బన్ సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ బొగ్గు బిల్డర్ వేసిందే, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. అయొడిన్ నంబర్ (బొగ్గు పట్టే శక్తికి కొలత) 900 పైన ఉన్న కొబ్బరి చిప్ప కార్బన్ కొత్తది నింపించి, ముందున్న సాండ్ ఫిల్టర్ రోజూ బ్యాక్‌వాష్ అయ్యేలా (నీళ్లు ఎదురు పంపి కడిగేలా) చూడండి. అప్పటికీ రంగు ఇబ్బంది పెడితే కార్బన్‌కు ముందు చిన్న ఓజోన్ యూనిట్. ఓజోన్ రంగు అణువుల్లోని జంట బంధాలను తెంచుతుంది, మిగిలిన ముక్కలను కార్బన్ మీద పెరిగిన బ్యాక్టీరియా తింటుంది. ఎంజైమ్ ఉన్న బొగ్గు కావాలనుకుంటే అదిగో అదే: బతికి ఉన్న బ్యాక్టీరియా తన ఎంజైమ్‌లను తానే రోజూ తయారుచేసుకుంటుంది, అరిగిపోతే కొత్తవి వేసుకుంటుంది. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో 1968 నుంచి మురుగు నీళ్లను శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతున్నారు, అక్కడ ఇప్పటి ప్లాంటులో ఓజోన్ తర్వాత ఉండేది ఈ బయోలాజికల్ కార్బనే. మీ ఫ్లష్‌కు అంత అక్కర్లేదు. ఓజోన్ పెడితే మాత్రం బేస్‌మెంట్‌లో గాలి బయటికిపోయే ఏర్పాటు, లీక్ డిటెక్టర్ తప్పనిసరి, ఆ వాయువు ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇన్ని చెప్పినా కమిటీ ఆ మీడియానే ట్రై చేద్దామంటే, మొత్తం ఫిల్టర్ ఖాళీ చేయనివ్వకండి. పక్కన చిన్న స్తంభం పెట్టి, మీ నీళ్లలో కొంత దాని గుండా పంపించి, పాత ఫిల్టర్ నీళ్లతో పాటు దాని నీళ్లనూ మూడు నెలలు వారం వారం పరీక్ష చేయించండి. ఖర్చు వాళ్లది. నాలుగు సీసాల పరీక్ష మొదటి వారంలో ఒకసారి, ఆఖరి వారంలో అదే మీడియా తీసి ఇంకోసారి. ఒప్పందంలో మరో వాక్యం కూడా రాయించండి: వాడేసిన మీడియాను ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ పారేస్తారు అని. మందులు, ఫినాళ్లు పట్టిన బొగ్గును మామూలు చెత్తలో వేయకూడదు, తగిన అనుమతి ఉన్న చోటికే వెళ్లాలి. 800 లీటర్ల తడి బొగ్గు బేస్‌మెంట్‌లో బస్తాలకెత్తి ఉండిపోతే ఆ వాసనకు మళ్లీ కొత్త ప్రశ్న అడగాల్సి వస్తుంది.

మీ ఎస్టీపీ ఏ రకమో, ఎంబీబీఆరా (ప్లాస్టిక్ ముక్కల మీద బ్యాక్టీరియా పెరిగేది), ఎస్‌బీఆరా (ఒకే ట్యాంకులో విడతలుగా నడిచేది) చెప్పి, నెల రోజుల లాగ్ పుస్తకం ఫొటోలు, చివరి ల్యాబ్ రిపోర్టు పెడితే ఎక్కడ తేడా ఉందో చూసి చెబుతాను.